గస్తీ నౌకలలో రాతినార

హైదరాబాదుకు పడమట, గండిపేట చెరువుకు చేరువన ఉన్న కోకాపేట ఒకప్పుడు చిన్న పల్లె. నేడు అక్కడ ఆకాశాన్నంటే మేడలు లేస్తున్నాయి. 2023లో జరిగిన ప్రభుత్వ వేలంలో అక్కడి ఎకరం నేల నూరుకోట్ల రూపాయలకు మించి పలికింది. క్రొత్త మేడ లేవాలంటే పాత కట్టడం కూలాలి. నగరం ఇట్లా పెరిగే చోట్ల కూలే కట్టడాలలో, బూడిదరంగు అలల రేకులు కప్పిన షెడ్లు, గోదాములు ఎన్నో ఉంటాయి. వాటిని జనం సిమెంటు రేకులంటారు. పాత రేకులలో సిమెంటుతోపాటు నూటికి సుమారు పదిపాళ్లు నార కలిసి ఉంటుంది. అది కొబ్బరినార వంటిది కాదు, గోగునార వంటిది కాదు. అది రాతినార. దానినే ఆస్బెస్టాస్ అంటారు.

రేకులో బందీగా ఉన్నంతకాలం ఈ నార వలన పెద్ద బాధ లేదు. రేకును కోసినప్పుడు, పగులగొట్టినప్పుడు లేచే ధూళిలోనే అపాయం ఉన్నది. ఈ సంగతిని మానవుడు తేలికగా నేర్చుకోలేదు. ఇందులో ఒక ముఖ్యమైన పాఠం సముద్రం మీదనుండి, అనగా రెండవ ప్రపంచయుద్ధకాలపు ఓడలలో పనిచేసిన నావికుల నుండి, ఆ ఓడలను నిర్మించిన కార్మికుల నుండి లభించింది. ఆ పాఠం బోధపడడానికి ముప్పై నలభై ఏండ్లు పట్టింది. అంత ఆలస్యమెందుకైనదో తెలుసుకొనుటే ఈ వ్యాసం ఉద్దేశం.

రాతిలో నార

రాతినార ఒకే ఖనిజం కాదు. సన్నని పోగులుగా చీలే కొన్ని సిలికేటు ఖనిజాలకు అది ఉమ్మడి పేరు. వాటిలో మూడు వాణిజ్యంలో ముఖ్యమైనవి. తెల్లనిదానిని క్రైసోటైలు, గోధుమరంగుదానిని అమోసైటు, నీలిదానిని క్రోసిడోలైటు అంటారు. క్రైసోటైలు పోగులు మెత్తగా, వంకరగా ఉంటాయి. మిగిలిన రెండింటి పోగులు సూదులవలె నిటారుగా ఉంటాయి.

ఈ ఖనిజం కోసం మనం దూరదేశాలకు పోనక్కరలేదు. కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో బ్రాహ్మణపల్లె, లింగాల గ్రామాల సమీపాన తెల్ల రాతినార ఉన్నది. కోట్ల సంవత్సరాల క్రిందట అక్కడ, వేంపల్లె సున్నపురాళ్లు అని భూగర్భ శాస్త్రజ్ఞులు పిలిచే పొరల మధ్యకు, భూగర్భం నుండి కరిగిన శిలాద్రవం చొచ్చుకొని వచ్చింది. ఆ సున్నపురాయిలో మెగ్నీషియం హెచ్చుగా ఉన్నది. శిలాద్రవపు వేడిమి, వేడినీరు, సిలికా కలిసి పనిచేయగా, రెండు రాళ్లూ కలిసే అంచున సర్పెంటీను అనే ఆకుపచ్చని శిల ఏర్పడింది. ఆ శిల పగుళ్లలో, గోడకు గుచ్చిన సూదులవలె, రాతినార పోగులు పెరిగాయి. పులివెందుల నారలో ఇనుము తక్కువ. అందువలన విద్యుత్తు పరికరాలలో వాడుటకు దానిని మేలైన రకంగా ఎంచారు.

చేతితో నలిపితే ఈ రాయి దూదివలె విడిపోతుంది. నిప్పులో వేస్తే కాలదు, నేలలో పాతితే కుళ్లదు. వేడిని తనగుండా సులభంగా పోనివ్వదు. దారంగా వడకవచ్చు, బట్టగా నేయవచ్చు. ఇన్ని గుణాలు ఒకే పదార్థంలో ఉండుట అరుదు. గ్రీకు భాషలో ఆస్బెస్టాస్ అను మాటకు ‘ఆరిపోనిది’ అని అర్థం.

ఓడకు నార ఎందుకు?

ఆవిరి ఓడ కడుపులో బాయిలరు ఉంటుంది. అందులో పుట్టిన ఆవిరి గొట్టాలద్వారా ఇంజనుకు పోతుంది. గొట్టాలను ఊరకే వదలితే వేడి దారిలోనే వృథా అవుతుంది, బొగ్గో నూనెయో ఎక్కువ ఖర్చవుతుంది. తాకినవారి చేతులు కాలుతాయి, ఇరుకైన ఇంజనుగది కొలిమి అవుతుంది. అందుచేత గొట్టాలకు మందమైన చుట్టు వేసేవారు. నూటికి 85 పాళ్లు మెగ్నీషియా, 15 పాళ్లు రాతినార కలిపిన ముద్దను అచ్చులుగా పోసి గొట్టాలకు తొడిగి, పైన రాతినార బట్టను చుట్టి కుట్టేవారు. గొట్టాల అతుకులలో బిగించే వాషర్లు, పంపుల చుట్టూ కూరే తాళ్లు, నిప్పు దగ్గర పనిచేసేవారి చేతితొడుగులు – ఇవి కూడా రాతినారతో చేసినవే.

యుద్ధనౌకకు ఇంకొక భయం ఉన్నది. శత్రువు గుండు తగిలితే ఓడ మునుగుట కంటె ముందు అంటుకొనవచ్చు. సముద్రం మధ్య అంటుకొన్న ఓడనుండి పారిపోయే చోటు లేదు. కాలని పదార్థం నావికుని ప్రాణానికి రక్షణ. అందుచేత అన్ని దేశాల నౌకాదళాలూ రాతినారను ఇష్టంగా వాడాయి. ఇందులో మోసమేమీ లేదు. నిప్పునుండి అది నిజంగానే రక్షించింది.

బంగాళాఖాతంలో గస్తీ

1939లో యుద్ధం ప్రారంభమైనప్పుడు భారత నౌకాదళం చాలా చిన్నది. సిబ్బంది సుమారు రెండువేలు మాత్రమే. 1945 నాటికి ఆ సంఖ్య పాతికవేలు దాటింది. చాలినన్ని ఓడలు లేనందున మొదట వర్తక నౌకలను తీసుకొని, వాటికి ఫిరంగులమర్చి గస్తీకి పంపారు. పాతకాలపు గస్తీ నౌక పఠాన్ 1940 జూన్‌లో బొంబాయి సమీపాన మునిగిపోయింది. తరువాత కలకత్తాలోను, బొంబాయిలోను ఆవిరి ట్రాలర్ల నిర్మాణం మొదలైంది. ఆస్ట్రేలియాలో కట్టించిన బెంగాల్, బొంబాయి, మద్రాసు, పంజాబు అనే నాలుగు చిన్న కార్వెట్లు దళంలో చేరాయి.

తెలుగు తీరం ఈ యుద్ధానికి దూరంగా లేదు. 1941 జూన్ 21న విశాఖపట్నంలో సింధియా కంపెనీ నౌకానిర్మాణశాలకు బాబూ రాజేంద్రప్రసాదు శంకుస్థాపన చేశారు. ఏడాదైనా నిండకముందే, 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. ఆ వారంలోనే బంగాళాఖాతంలో ఇరవైకి పైగా వర్తక నౌకలు మునిగాయి. అటుపై ఈ జలాలలో ఓడల గుంపులకు తోడుగా పోవడం, జలాంతర్గాములను కనిపెట్టడం, మైన్లు తొలగించడం చిన్న నౌకల నిత్యకృత్యమైంది. 1942 నవంబరు 11న కోకోస్ ద్వీపాలకు నైరుతి దిక్కున బెంగాల్ కార్వెట్టు, ఒక చిన్న ఫిరంగితో, తనకన్న ఎన్నో రెట్లు పెద్దవైన రెండు జపాను నౌకలను ఎదుర్కొన్నది. వెంటనున్న ఒండీనా అనే నూనె ఓడ కూడా పోరాడింది. జపాను నౌకలలో ఒకటి మునిగింది. బెంగాల్ క్షేమంగా తిరిగి వచ్చింది.

ఈ వీరగాథ చరిత్రలో నిలిచింది. కాని ఓడ లోపలి జీవితాన్ని గూర్చి చరిత్ర అంతగా చెప్పలేదు. బెంగాల్ వంటి కార్వెట్టు పొడవు యాభైఏడు మీటర్లు. అంతలోనే రెండు బాయిలర్లు, ఇంజన్లు, మందుగుండు, సుమారు ఎనభైమంది మనుషులు. ఇటువంటి చిన్న ఓడలలో నావికులు తిన్నదీ, పడుకొన్నదీ ఆవిరి గొట్టాలకు దగ్గరలోనే. మరమ్మతు వచ్చినప్పుడు పాత చుట్టును కత్తితో కోసి, చేతితో పీకి, మళ్లీ క్రొత్తది వేయాలి. ఫిరంగి పేలినప్పుడు ఓడ అంతా అదిరి చుట్టునుండి పొడి రాలేది. అలలకు భయపడి కిటికీలు మూసిన గదులలో ఆ పొడి బయటికి పోయే దారి లేదు. భూమిమీద ఫాక్టరీ కార్మికుడు సాయంకాలం ఇంటికి పోతాడు. నావికునికి ఫాక్టరీ, ఇల్లు ఒక్కటే.

ధూళి చేసే పని

క్రైసోటైలు మూలపు పోగు మందం మిల్లీమీటరులో సుమారు నలభైవేలవ వంతు. ధూళిలో తేలేవి ఇటువంటి పోగుల సన్నని కట్టలు. అవి కంటికి కనబడవు, త్వరగా నేలకు దిగవు. ముక్కులోని వెంట్రుకలు, గొంతులోని జిగురు పెద్ద ధూళికణాలను ఆపుతాయి. సన్నని పోగు గాలి ప్రవాహానికి సమాంతరంగా తిరిగి, వాటిని తప్పించుకొని, ఊపిరితిత్తుల చివరనున్న వాయుగోణులను చేరుతుంది.

అక్కడ మన శరీరపు కావలివారు ఉన్నారు. అవి భక్షక కణాలు. సూక్ష్మజీవులను, ధూళిని మ్రింగి జీర్ణించుకొనుట వాటి పని. కాని పోగు కణం కంటె పొడవైనప్పుడు భక్షక కణం దానిని పూర్తిగా మ్రింగలేదు. సగం మ్రింగిన కణం గాయపడి, తనలోని రసాయనాలను చుట్టూ వెదజల్లుతుంది. దానితో వాపు పుడుతుంది. పోగు అట్లే ఉంటుంది, మరొక కణం వస్తుంది, మళ్లీ అదే కథ. సంవత్సరాల తరబడి సాగిన ఈ వాపు మూలంగా మెత్తని ఊపిరితిత్తిలో మచ్చ గట్టిపడుతుంది. ఇదే ఆస్బెస్టోసిస్ వ్యాధి. రోగి మెట్లెక్కలేడు, ఆయాసపడతాడు. మచ్చపడిన ఊపిరితిత్తి మళ్లీ మెత్తబడదు.

ఈ నార ఊపిరితిత్తులలో కాన్సరును కూడా పుట్టిస్తుంది. పొగత్రాగేవారికి ఈ ప్రమాదం అనేక రెట్లు హెచ్చు. ఊపిరితిత్తులను, ఉదరాన్ని కప్పే పలుచని పొరలలో మీసోథీలియోమా అనే మరొక కాన్సరు వస్తుంది. ఇది సాధారణ జనంలో అత్యంత అరుదు. ఎక్కడ కనబడినా రాతినారను వెదకవలసినదే. దీని గుప్తకాలం, అనగా ధూళిని పీల్చినప్పటినుండి రోగం బయటపడే వరకు పట్టే కాలం, సాధారణంగా ముప్పై నుండి యాభై ఏండ్లు.

తొందరపడిన లెక్క

రాతినార ధూళి చెడ్డదని యుద్ధానికి ముందే తెలియదా? తెలుసు. 1924లో ఇంగ్లండులో కుక్ అనే వైద్యుడు రాతినార ఫాక్టరీలో పనిచేసి మరణించిన ఒక స్త్రీ ఊపిరితిత్తులను పరీక్షించి, మచ్చలను, వాటిలో ఖనిజపు ముక్కలను వర్ణించాడు. 1930లో మెరివెదర్, ప్రైస్ అనే ఇద్దరు అధికారులు 363 మంది కార్మికులను పరీక్షించగా, నూటికి పాతికమందికి పైగా ఈ వ్యాధి కనబడింది. పనిచేసిన సంవత్సరాలు పెరిగినకొద్దీ రోగుల పాలు పెరిగింది. 1931లో బ్రిటను నిబంధనలు చేసింది. అయితే అవి ప్రధానంగా ఫాక్టరీలను ఉద్దేశించినవి. ఓడ కడుపులో గొట్టాలు చుట్టేవాడిని అవి కాపాడలేదు.

తరువాత యుద్ధం వచ్చింది. అమెరికాలో లక్షలాదిమంది స్త్రీపురుషులు ఓడల నిర్మాణంలో చేరారు. అక్కడి నౌకాదళం కోరికపై ఫ్లైషర్, డ్రింకర్ మొదలైనవారు నౌకానిర్మాణశాలలలో గొట్టాలు చుట్టే 1,074 మందిని పరీక్షించి, 1946లో నివేదిక ప్రకటించారు. వారిలో ముగ్గురికి మాత్రమే ఆస్బెస్టోసిస్ కనబడింది. ఆ ముగ్గురూ ఇరవై ఏండ్లకు మించి ఈ పని చేసినవారు. కనుక ఓడలలో గొట్టాలు చుట్టడం అపాయకరమైన వృత్తి కాదని నివేదిక తేల్చింది.

విద్యార్థులు ఈ లెక్కను జాగ్రత్తగా చూడాలి. పరీక్షకు వచ్చినవారిలో నూటికి 95 మంది పదేండ్లకు లోపు అనుభవం కలవారే. వ్యాధికి ఇరవై ఏండ్లు కావాలి. మామిడి టెంక నాటిన మరుసటి సంవత్సరమే తోటకు పోయి, కాయలు లేవు కనుక ఇది గొడ్డుచెట్టు అని తేల్చినట్లున్నది ఆ తీర్మానం. కొలిచిన అంకెలు తప్పు కావు, కొలిచిన కాలం తప్పు. చాలా ఏండ్లపాటు ఈ నివేదికను సాక్ష్యంగా చూపి, భయం లేదని చెప్పుకొన్నారు.

లెక్క తేలిన కాలం

1960లో దక్షిణాఫ్రికాలో వాగ్నర్, ఆయన సహచరులు నీలి రాతినార గనుల ప్రాంతంనుండి 33 మీసోథీలియోమా రోగులను గూర్చి ప్రకటించారు. వారిలో గనిలో పనిచేయనివారు, బాల్యంలో ఆ పరిసరాలలో నివసించినవారు కూడా ఉన్నారు. 1964లో న్యూయార్కు వైద్యుడు సెలికాఫ్ వేరొక దారి త్రొక్కాడు. నేటి కార్మికులను పరీక్షించుటకు బదులు, 1942 చివర కార్మిక సంఘం పట్టీలో ఉన్న 632 మంది చుట్టుపనివారిని తీసుకొని, వారేమైనారో 1962 వరకు వెదకి చూచాడు. 255 మంది మరణించారు. ఊపిరితిత్తుల, వాటి పొరల కాన్సరుతో సాధారణంగా ఆరేడుగురు మరణించవలసి ఉండగా, 45 మంది మరణించినట్లు తేలింది.

రెండు పరిశీలనలకు గల భేదం గమనించదగినది. ఒకటి పనిలో ఉన్నవారిని చూచింది. రెండవది పని మానినవారిని, చనిపోయినవారిని కూడా లెక్కించింది. రోగి అయినవాడు పనిలో ఉండడు కదా! పట్టీ భద్రంగా ఉండబట్టే సెలికాఫ్‌కు సత్యం దొరికింది.

1965లో లండనులో భర్తల పనిబట్టలు ఉతికిన భార్యలలోను ఈ కాన్సరు కనబడింది. 1968లో డెవన్‌పోర్టు నౌకాశాల వైద్యుడు హారీస్, నార ముట్టనివారికి, పక్కన ఇతర పనులు చేసినవారికి కూడా ప్రమాదమున్నదని చూపాడు. 1944లో ఫిలిప్పీన్సు జలాలలో విధ్వంసక నౌకపై పోరాడి, తరువాత అమెరికా నౌకాదళాధిపతి అయిన ఎల్మో జుంవాల్ట్ మీసోథీలియోమాతో 2000 జనవరి 2న మరణించాడు. యుద్ధం ముగిసి అప్పటికి యాభైనాలుగేండ్లు గడిచాయి.

ఈ నావికులకు న్యాయం కూడా ఆలస్యంగానే వచ్చింది. బ్రిటనులో 1947 నాటి చట్టం సైనికులు ప్రభుత్వంపై నష్టపరిహారానికి దావా వేయకుండా అడ్డుకొన్నది. 1987లో ఆ అడ్డు తొలగినా, అంతకు ముందు ధూళిని పీల్చినవారికి అది వర్తించలేదు. నిలువునా వ్యాధి సోకినవారి పోరాటం తరువాత, 2015 డిసెంబరులో ప్రభుత్వం మీసోథీలియోమా వచ్చిన మాజీ సైనికులకు 1,40,000 పౌండ్లు ఒకేసారి చెల్లించడానికి అంగీకరించింది.

మన నావికుల పరిస్థితి వేరు. 1947లో నౌకాదళం భారతదేశానికి, పాకిస్తానుకు పంచబడింది. యుద్ధకాలంలో చేరినవారు అనేకులు అప్పటికే విడుదలై ఊళ్లకు తిరిగి పోయారు. 1942లో ఇరవైరెండేండ్ల నావికునికి 1982లో అరవైరెండు. మన జాతీయ కాన్సరు నమోదు కార్యక్రమం 1981 చివరకు గాని ప్రారంభం కాలేదు. జనాభా ప్రాతిపదికన మొదట బొంబాయి, బెంగుళూరు, మద్రాసు నగరాలలోనే లెక్క మొదలైంది. పల్లెలో ఆయాసంతో, దగ్గుతో, బక్కచిక్కి మరణించిన మాజీ నావికుని రోగాన్ని క్షయ అనుకొనుటకు అన్ని అవకాశాలూ ఉన్నాయి, ఎందుకంటే లక్షణాలు అవే. లెక్క లేనిచోట రోగం లేదని అనుకొనుట, 1946 నాటి పొరపాటుకు మరొక రూపం.

గని, రేకు, తీర్పు

ఇక మన నేలకు వద్దాం. విశాఖపట్నంలో 1948 మార్చి 14న పండిత నెహ్రూ ‘జల ఉష’ ఆవిరి ఓడను సముద్రంలోకి విడిచారు. అంతకు రెండేండ్ల ముందే, 1946లో, హైదరాబాదులో ఆస్బెస్టాస్ సిమెంటు కంపెనీ ఏర్పడింది. సనత్‌నగరులో రేకుల తయారీ సాగింది. పెంకుకన్న చౌకైన, తుప్పుపట్టని, చెదలు తినని రేకు లక్షలాది పేదల ఇళ్లకు కప్పు అయింది.

పులివెందుల ప్రాంతంలో గనులు, రాయిని దంచి నారను వేరుచేసే మిల్లులు పనిచేశాయి. అహమ్మదాబాదులోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ శాస్త్రజ్ఞులు ఆ కార్మికులను పరీక్షించి, గనిలోకంటె మిల్లులో వ్యాధి ఎంతో ఎక్కువగా ఉన్నదని కనుగొన్నారు. కారణం స్పష్టమే. రాయిని దంచే మిల్లుకు నాలుగు గోడలున్నాయి. గస్తీ నౌక గదిలో జరిగినదే పులివెందుల మిల్లులోనూ జరిగింది. 1986లో కేంద్రప్రభుత్వం రాతినార గనులకు క్రొత్త లీజులివ్వడం, పాతవాటిని పొడిగించడం నిలిపివేసింది. ఫాక్టరీలకు మాత్రం విదేశాలనుండి నార దిగుమతి అవుతూనే ఉన్నది.

1995 జనవరి 27న సుప్రీంకోర్టు ఒక ముఖ్యమైన తీర్పు చెప్పింది. తెలుగువారైన జస్టిస్ కె. రామస్వామి దానిని వ్రాశారు. కార్మికుని ఆరోగ్యం రాజ్యాంగం 21వ అధికరణం క్రింద అతని జీవించే హక్కులో భాగమని ఆ తీర్పు ప్రకటించింది. రాతినార పరిశ్రమలో ప్రతి కార్మికుని ఆరోగ్య వివరాలను, పనిలో చేరిననాటినుండి నలభై ఏండ్లు, లేదా పని విడిచిననాటినుండి పదిహేనేండ్లు – ఏది తరువాత వస్తే అంతవరకు – భద్రపరచాలని ఆదేశించింది. ఈ నలభై ఏండ్ల అంకె ఊరకే వచ్చినది కాదు. అది వ్యాధి గుప్తకాలాన్ని ఎరిగి వ్రాసిన అంకె. ఒక శాస్త్ర సత్యం చట్టంలోకి ప్రవేశించిన తీరు ఇది.

తరువాత 2006లో మరొక యుద్ధనౌక మనకు ఈ పాఠాన్ని గుర్తుచేసింది. 1961లో సేవలో చేరిన క్లెమన్సో అనే ఫ్రెంచి విమానవాహక నౌకను విడగొట్టుటకు గుజరాతులోని అలంగ్ రేవుకు పంపారు. దానిలో టన్నులకొద్దీ రాతినార ఉన్నదని అభ్యంతరాలు రాగా, దారిలో ఉన్న ఓడను ఫ్రాన్సు వెనుకకు పిలిపించుకొన్నది. ఓడ యుద్ధం చేయడం మానినా, దానిలోని నార తన పని మానదు.

నేటి లెక్క

అంతర్జాతీయ కాన్సరు పరిశోధన సంస్థ రాతినార రకాలన్నీ కాన్సరు కారకాలేనని నిర్ణయించింది. బ్రిటను 1999లో, ఆస్ట్రేలియా 2003 చివర దానిని నిషేధించాయి. 2024లో అమెరికా క్రైసోటైలును నిషేధిస్తూ ఉత్తర్వు చేసింది. మన దేశంలో గనుల సంగతి ఎట్లున్నా, తెల్ల రాతినారతో చేసిన రేకు వాడుకలోనే ఉన్నది. నార లేని రేకులూ తయారవుతున్నాయి.

ఇంటి కప్పుపై చెక్కుచెదరక ఉన్న రేకును చూచి బెదరనక్కరలేదు. దానిని పొడిగా రంపంతో కోయరాదు, యంత్రంతో రంధ్రాలు చేయరాదు, సుత్తితో పగులగొట్టరాదు. తీయవలసివస్తే నీటితో బాగా తడిపి, మేకులు విప్పి, రేకును ముక్కలు కాకుండా దించాలి. రాలిన పొడిని చీపురుతో ఊడ్చక తడిగుడ్డతో తీయాలి. ముక్కుకు చుట్టిన చేతిరుమాలు ఈ పోగులను ఆపలేదు. అందుకు తగిన ముఖకవచం వేరే ఉన్నది. పనిచేసిన బట్టలను ఇంటికి తీసుకొనిపోరాదు.

కోకాపేట వంటిచోట నేడు పాత షెడ్డు కూల్చే కూలికి ఇరవై ఏండ్లనుకొందాం. ధూళి రేగుతుంది, దుమ్ము దులుపుకొంటాడు, సాయంకాలం కూలి తీసుకొని పోతాడు. ఆ రోజు అతనికి దగ్గు కూడా రాదు. రేపు పరీక్షించిన వైద్యునికీ ఏమీ కనబడదు. బెంగాల్ నౌకలోని నావికునికీ 1942లో ఏమీ కనబడలేదు. ఈ కూలికి అరవై ఏండ్లు వచ్చే వేళకు ఆ మేడ పాతబడి ఉంటుంది, కట్టించినవారి పేరు కూడా జనం మరచి ఉంటారు. అతని పేరు ఏ పట్టీలోనైనా వ్రాసి ఉంచితే, ఆనాటి వైద్యుడు కారణం కనుగొనగలడు. ధూళి లేవకుండా నేడే తడిపి దించితే, కనుగొనవలసిన అవసరమే ఉండదు.